సున్నం పూసిన రాళ్ళు

పర్యాటక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పనేమిటి?" అని అడుగుతుంటారు. గొప్ప పనులు చేసినవాళ్ళు వేరే ఉన్నారు, వెళ్ళి వాళ్ళనడగండి. నేను చెప్పగలిగింది ఒక తెలివితక్కువ పని గురించి. చేసిందీ నేనే, దిద్దుకున్నదీ నేనే, దానికి మెమో అందుకున్నదీ నేనే. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేను మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేసిన పని బహుశా అదొక్కటే.

సాలూరు దాటి బస్సులో కొంత దూరం పోతే, కొండలు మొదలయ్యే చోట ఏటి ఒడ్డున ఒక చిన్న పట్నం ఉంది. పేరు చెప్పను. చెబితే నన్ను గుర్తుపట్టి నవ్వేవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. ఏటికి ఇటు పట్నం, అటు కొండ. రిటైర్మెంటు దగ్గర పడిన రోజుల్లో నన్ను అక్కడికి వేశారు. ఆఫీసంటే రెండు గదులు, ఒక కంప్యూటరు, ఒక అటెండరు. అటెండరు నాకంటే రెండేళ్ళు పెద్ద. ఏటి అవతల కొండమీద ఊరు అతనిది. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడినప్పుడు మాత్రం మనం ఆ పూటకి చేయదలచుకున్న పని మానుకోవాల్సి వస్తుంది.

ఒకరోజు మా పై అధికారి ఫోన్ చేశారు. "ఆ ఊళ్ళో చూడదగ్గవి పది రాసి పంపండి. బ్రోచర్ వేస్తున్నాం. పదికి తగ్గితే పేజీ నిండదు," అన్నారు.

కాగితం పెన్ను పట్టుకుని ఊరంతా తిరిగాను. జమీందారుల నాటి దివాణం, ఒకటి. అందులో ప్రస్తుతం తారు డ్రమ్ములు పెడుతున్నారన్నది రాయలేదు. పాత ఇనప వంతెన, రెండు. ఏటి రేవులో రాతి మెట్లు, మూడు. వేసవిలో నీళ్ళు తగ్గితే బయటపడే ఏనుగు ఆకారపు బండ, నాలుగు. కొండ వాలులో చిన్న చర్చి, అయిదు. వారం వారం జరిగే కొండ సంత, ఆరు. బెల్లం జిలేబీ వేసే కొట్టు, ఏడు. అక్కడ బండి ఆగిపోయింది. వంతెన మీంచి సూర్యోదయం అని ఎనిమిది, అదే వంతెన మీంచి సూర్యాస్తమయం అని తొమ్మిది రాశాను. పదోది ఎంత వెతికినా దొరకలేదు. ఊళ్ళో లేకపోతే మనమే కట్టాలి కదా. రేవు మెట్ల పక్కన ఒక సెల్ఫీ పాయింటు కడతామని రాసి పంపాను. అధికారిగారికి తెగ నచ్చింది. డబ్బు మంజూరైంది. సంత రోజునే ప్రారంభోత్సవం పెట్టమన్నారు, జనం ఉంటారని.

సెల్ఫీ పాయింటుకి నేను ఎంచుకున్న జాగాలో ఒకే ఒక్క అడ్డం. మెట్ల మొదట్లో, కొండవాళ్ళు ఏరు దాటి ఒడ్డెక్కే చోట, నడుమెత్తున ఒక రాళ్ళ కుప్ప ఉండేది. గుండ్రాయి, పలకరాయి, నల్లరాయి, అన్నీ కలగాపులగం. రోజూ చూస్తున్నదే. ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన రాళ్ళు ఇక్కడ పారబోశారనుకున్నాను. అది ఏమిటని ఎవరినీ అడగలేదు. మా ఉద్యోగంలో చెత్తంటే ఏమిటో మాకు పుట్టుకతోనే తెలుసు.

అడగాల్సిన మనిషి అప్పుడు సెలవులో ఉన్నాడు. కొర్ర పంట ఇంటికొచ్చి కొత్త తినే పండగకని అటెండరు వారం రోజులు ఊరెళ్ళాడు. ఆ వారంలోనే పనంతా అయిపోయింది. సాలూరు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి రాళ్ళ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, "రాళ్ళు మా బాగున్నాయి సారూ. బయట పారీడమెందుకు? బోర్డరు కట్టీద్దాం," అన్నాడు. నాకు ముచ్చటేసింది. పైసా ఖర్చు లేదు. దారికి రెండు పక్కలా రాళ్ళు వరసగా పాతించి, ఒకదానికి తెల్ల సున్నం, ఒకదానికి జేగురు రంగు పూయించాను. ప్రభుత్వం వారు వస్తున్నారంటే రాయికైనా చెట్టుకైనా ఈ రెండు రంగులూ తప్పవు. నడుమ చిన్న అరుగు, అరుగు మీద మా అధికారిగారి పేరు చెక్కిన శిలాఫలకం, దాని ముందు చిన్న పచ్చిక. ఫోటో తీసి పంపితే, 'ఎక్సలెంట్' అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ ఫోటోని ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి కూడా చూపించాను.

ప్రారంభోత్సవానికి ముందు రోజు పొద్దున్న అటెండరు సెలవు నుంచి వచ్చాడు. వస్తూనే చేతిలో ఉన్న ఒక రాయి తెచ్చి నా బల్ల మీద, సరిగ్గా ఫైలు మీద పెట్టాడు.

"ఇదేడ ఎట్టమంటారు బాబూ?" అన్నాడు.

"ఏమిటిది?"

"నా రాయి. ఎట్టడానికి అక్కడ కుప్ప నేదు."

కోపంగా అనలేదు. అలా అని ఉంటే నేనూ కోపంగా ఏదో ఒకటి అని బయటపడేవాణ్ణి. కుర్చీలో కూర్చోమన్నాను. సర్వీసులో మొదటిసారి నా ఎదురుగా కూర్చుని అతను చెప్పిన సంగతి ఇది.

కొండ దిగే ప్రతి మనిషీ ఇంటి దగ్గర్నుంచి ఒక రాయి తెచ్చుకుంటాడు. ఏరు దాటాక, పట్నంలో కాలు పెట్టే ముందు, ఆ కుప్ప మీద పెడతాడు. 'దారి తల్లీ, నాను దిగేను, నన్ను మళ్ళీ ఎక్కించు' అని మొక్కుతాడు. సంతకి వచ్చినవాళ్ళు చిన్న రాయి పెట్టి, సాయంత్రం పోతూ దాన్ని తీసి ఏట్లో పడేసి పోతారు. దూరం పోయేవాళ్ళు అరచేయంతదో, ఇంకా పెద్దదో పెడతారు. హాస్టలు పిల్లలు, ఇటుక బట్టీలకి పోయినవాళ్ళు, పట్నాల్లో ఉద్యోగాలకి పోయినవాళ్ళు, అందరివీ వాళ్ళు తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటాయి. తిరిగొచ్చిన రోజున ఎవరి రాయి వాళ్ళే తీసి ఏట్లో వేసి ఇంటికి పోవాలి. అటెండరు కూడా పండగకి పోతూ తన రాయి ఏట్లో వేసి పోయాడు. ఇప్పుడు కొత్త రాయితో దిగాడు.

అందుకే ఆ కుప్ప ఎన్నాళ్ళయినా నడుమెత్తు దాటదు. నేను రోజూ చూశాను, అది మాత్రం గమనించలేదు.

"తిరిగి రానివాళ్ళవో?" అని అడిగాను.

"అయ్యీ ఉంటాయి బాబూ. ఆటిని తల్లి కాత్తాది."

కొండమీద ఎన్ని ఊళ్ళున్నాయో అన్ని ఊళ్ళ నుంచీ దిగినవాళ్ళ లెక్క ఆ కుప్పలో ఉంది. దాన్ని పట్టుకెళ్ళి నేను దారికి బోర్డరు కట్టించాను. సిగ్గేసింది. దాని వెనకాలే భయమూ వేసింది, రేపే సంత, రేపే ప్రారంభోత్సవం.

"మీవాళ్ళు గొడవ చేస్తారా?" అన్నాను.

"గొడవేటి బాబూ. రాళ్ళు ఎక్కడికీ పోనేదు కదా. రంగేసుకుని కూకున్నాయి. ఎవులివి ఆలు తీసుకుంటారు." బల్ల మీది రాయి చేతిలోకి తీసుకుంటూ మళ్ళీ అన్నాడు. "నాకు వరసకి సెల్లెలొకర్తి ఉంది. అల్లం అమ్ముతాది. దాని గుంట, అదే కూతురు, దాని రాయి కూడా అందల ఉంది. అది ఒక్కర్తే బెంగెట్టుకుంటాది."

మర్నాడు పొద్దున్నే రేవుకి పోయాను. ఎనిమిది గంటలకి కొండవాళ్ళు దిగడం మొదలైంది. నెత్తిన బుట్టలు, కావిళ్ళలో పసుపు, పనసకాయలు, కొండ చీపుళ్ళ కట్టలు, చేతిలో తలా ఒక చిన్న రాయి. ఒడ్డెక్కినవాళ్ళు ఎక్కినట్టే ఆగిపోయారు. కుప్ప లేదు, దాని చోట పచ్చిక ఉంది. అటెండరు వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. నా వైపు చెయ్యి చూపించాడు కూడా. అందరూ నన్ను చూశారు. తర్వాత ఒక ముసలమ్మ పకపకా నవ్వింది. ఆవిడ వెనకాల మిగతావాళ్ళు నవ్వారు. నన్ను తిట్టినా అంత నలిగిపోయి ఉండేవాణ్ణి కాదు.

ఇక చూడండి. బుట్టలు దించి, బోర్డరు పొడుగునా కూర్చుని, ఒక్కొక్క రాయినే గోళ్ళతో కెలికి, తడిమి చూడ్డం మొదలుపెట్టారు. రంగు పూసినా గుర్తుపట్టారు. "ఇది మా పొయ్యికాడ రాయి," అంటుంది ఒకామె. "ఇది మా ఆడిది, హాస్టలికి ఎల్లినప్పుడు ఎట్టినాడు," అంటుంది ఇంకొకామె. ఊళ్ళో లేనివాళ్ళ రాళ్ళు పక్కింటివాళ్ళు పట్టారు. ఎవరికీ చెందనివి ముసలివాళ్ళు పట్టారు. పట్టుకెళ్ళి ఏట్లో కడిగి, తెచ్చి, పాత చోటనే పేర్చారు. పచ్చిక మీద, అధికారిగారు నిలబడాల్సిన చోట, కుప్ప మళ్ళీ లేచింది. నేను కూడా పంట్లాం మడిచి నీళ్ళలోకి దిగి రాళ్ళు తోమాను. నా పక్కన తోముతున్న ముసలమ్మ, "సున్నం మా గట్టిగా ఏయించేవు బాబూ," అని మెచ్చుకుంది.

పదయ్యేసరికి బోర్డరంతా ఊడిపోయింది. ఒక్క మనిషి మాత్రం ఖాళీ చేతులతో మిగిలింది. అటెండరు చెల్లెలు. నలభై దాటిన మనిషి. దారి ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు వెతికింది. అల్లం బుట్ట పక్కన పెట్టి మెట్టు మీద కూలబడింది.

"ఎలా ఉంటుందమ్మా మీ అమ్మాయి రాయి?" అన్నాను.

"పలకలాగుంటాది బాబూ. మా ఇంటెనకాల గెడ్డలో గుంట బట్టలుతుకుతాది సూడు, ఆ రాయే. అదే మోసుకొచ్చి ఎట్టినాది. విశాఖ అవతల బట్టల కంపెనీలో సేరింది. ఈ నెలలో ఒత్తానన్నాది. నిన్న ఫోన్ సేసి, సెలవివ్వనేదు అమ్మా అన్నాది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రాయి పోతే ఇంకెలగొత్తాది?"

"ఫోన్లో రోజూ మాట్లాడుతోంది కదమ్మా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మాటొత్తాది బాబూ. మనిసి రాదు గదా."

రాయికీ సెలవుకీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ ఆ తల్లి దుఃఖానికీ నాకూ ఉన్న సంబంధం అంతకంటే బాగా తెలుసు. మేస్త్రి కోసం చూశాను. అంతసేపూ దగ్గరే ఉన్నవాడు ఇప్పుడు చెట్టు వెనక్కి పోయి బీడీ ముట్టిస్తున్నాడు.

"పలకరాయి ఒకటి ఉందా?" అని అడిగాను.

బీడీ ఆర్పేశాడు. "ఉంది సారూ. మా సక్కటి రాయి. బోర్డరికి ఎందుకని... సిలాపలకం కింద ఎట్టీసేను. పలక సమంగా నిలబడాలి కదా. సిమెంటు పట్టీసింది."

టైము పదిన్నర. పదకొండుకి అధికారిగారు వస్తారు. శిలాఫలకానికి పసుపు గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ వెనకాల ఆయన పేరు, హోదా, తేదీ. దాని కింద ఒక ఆడపిల్ల బట్టలుతికే రాయి. మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో నాకు తెలీదు. ప్రారంభోత్సవం అయ్యాక నిదానంగా తీయిద్దాంలే అని నాకు ముందు తోచింది. ఆ మాటే మేస్త్రితో అనబోయాను కూడా. అంతలో మెట్టు మీద ఆ మనిషి కనిపించింది. ఆవిడ నన్ను చూడ్డం లేదు. ఏటి అవతల కొండ దారి వైపు చూస్తోంది.

"గునపం తీసుకురా," అన్నాను.

"సారూ, నానెట్టను సెయ్యి. ఆ సారు పేరు సెక్కిన రాయది. రేపు నన్ను పనిలోకి పిలుత్తారేటి?" అన్నాడు మేస్త్రి. అతని మాటా న్యాయమే. గునపం నేనే పట్టుకున్నాను. అదే మొదటిసారి పట్టుకోవడం. నాలుగు పోట్లు పొడిస్తే మూడు గాల్లోనూ ఒకటి నా చెప్పు మీదా పడ్డాయి. అటెండరు కాసేపు చూసి, "అలగ కాదు బాబూ," అని గునపం తీసుకున్నాడు. ఇద్దరి ఉద్యోగాలూ ఎందుకు పోగొట్టుకోవడం అన్నాను. "నాకింకెన్నేళ్ళుంది బాబూ," అన్నాడు. తర్వాత లెక్క చూసుకుంటే ఇద్దరికీ కలిపి మూడేళ్ళ సర్వీసు కూడా మిగల్లేదు. ధైర్యం ఊరికే రాలేదని మీకు చెప్పడమే మంచిది.

అడుగున సిమెంటు పూర్తిగా ఎండలేదు. పది పోట్లకి కదిలింది. అటెండరు గునపంతో ఎత్తి పట్టాడు, నేను చెయ్యి పెట్టి రాయి లాగాను. రాయి వచ్చింది. వచ్చీ రాగానే శిలాఫలకం ఎడమ వైపుకి ఒరిగింది. పడిపోతుందేమోనని కిందన ఏదైనా దూర్చాలని చుట్టూ చూస్తే, పంచడానికి తెచ్చిన బ్రోచర్ల కట్ట కనిపించింది. చూడదగ్గ పది స్థలాలనీ మడిచి దాని కింద కుక్కేశాం. అయినా ఒరుగుతూనే ఉంది, పడకుండా మాత్రం ఆగింది.

అల్లం ఆవిడ రాయిని రెండు చేతులా తీసుకుంది. ఒక పక్కన సిమెంటు పొర అలాగే అంటుకుని ఉంది. కడిగితే పోలేదు. "ఉండనీండి," అని తీసుకెళ్ళి కుప్ప మీద పెట్టి, వంగి మొక్కింది. లేచి బుట్ట ఎత్తుకుని సంతలోకి పోతూ, "బేగి సెయ్యి కడుక్కో బాబూ, మీ సారొత్తన్నాడు," అంది.

నిజంగానే జీపు వంతెన దగ్గర మలుపు తిరుగుతోంది.

మా అధికారిగారు దిగారు. తెల్ల బూట్లు, మెడలో చామంతి దండ. బోర్డరు లేని దారిలో, గుంతలు దాటుకుంటూ, రాళ్ళ కుప్ప పక్కనుంచి వచ్చారు. పసుపు గుడ్డ లాగారు. ఆయన పేరు ఏటవాలుగా బయటపడింది. మొదట ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన మెడ ఎడమ పక్కకి వంచి తన పేరు తనే చదువుకున్నారు. అప్పుడు సంతలో ఎవరో చప్పట్లు కొట్టారు, దాంతో అందరూ కొట్టారు.

"ఏమిటిదంతా?" అన్నారు నాతో, గొంతు తగ్గించి.

అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది, నేల కుంగింది సార్ అని. కానీ మోచేతుల దాకా సున్నం, మోకాళ్ళ దాకా బురదతో నిలబడి అబద్ధం చెప్పడం కష్టం. ఉన్నదున్నట్టు చెప్పాను. కుప్ప సంగతి, బోర్డరు సంగతి, అల్లం అమ్మే ఆవిడ కూతురి సంగతి. ఆయన అంతా విన్నారు. కుప్పని కాసేపు చూశారు. "రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి," అన్నారు. జీపెక్కారు. డ్రైవరు బండి తీయబోతుంటే ఆపించి అద్దం దింపారు.

"ఇంతకీ ఆ రాయి దొరికిందా?"

"దొరికింది సార్."

"సరే," అన్నారు. అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయారు. వారానికి మెమో వచ్చింది. ఆయన్ని నేను తప్పు పట్టను. ఒరిగిన పేరు ఎవరిదైనా బాధే.

శిలాఫలకాన్ని మళ్ళీ నిలబెట్టడానికి డబ్బు మంజూరు కాలేదు. వానల్లో బ్రోచర్లు నాని, ఇంకాస్త ఒరిగింది. విచిత్రమేమిటంటే ఆ ఊరికి వచ్చినవాళ్ళందరూ దాని పక్కన నిలబడి, తామూ అటే ఒరిగి, ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. నేను కష్టపడి రాసిన సూర్యోదయ సూర్యాస్తమయాలని అడిగినవాళ్ళు లేరు. పదోది మాత్రం ఆడింది.

పిల్లలూ, ఆ తర్వాత నేను ఒక్కటే అలవాటు చేసుకున్నాను. ఏదైనా తీయించే ముందు, ఎవరిదని అటెండరునడిగేవాణ్ణి. సగం పనులు దాంతోనే ఆగిపోయేవి. ఆగిన పనుల్లో ఒక్కటి కూడా చేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపించలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక సంత రోజున ఆఫీసులో కూర్చుని ఉంటే, అల్లం ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"బాబూ, గుంట ఒచ్చీసింది," అంది. అంతే చెప్పి మళ్ళీ పరుగెత్తింది.

నేనూ అటెండరూ రేవుకి వెళ్ళాం. జీన్సు వేసుకున్న పిల్ల, మెడలో ఇయర్‌ఫోన్లు, కాళ్ళ దగ్గర పెద్ద బ్యాగు. కుప్ప ముందు కూర్చుని పైరాళ్ళు జాగ్రత్తగా పక్కకి జరిపి తన రాయి తీసింది. తిప్పి చూసింది.

"ఈ సిమెంటేటమ్మా?"

తల్లి నన్ను చూపించింది. పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మీరేనా సార్? మా రాయిని బరువెక్కించీసినారు," అంది. అటెండరు నవ్వాడు. అతను అంత గట్టిగా నవ్వగా నేను అదివరకు వినలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, అది కనబడకూడదని నేనూ నవ్వాను.

పిల్ల చెప్పులు ఒడ్డున విప్పేసి, రాయితో ఏట్లోకి దిగింది. ఆ రాయితో నాకు అంత సంబంధం ఉంది కదా, ఆగమని చెప్పి ఒక ఫోటో తీసుకుందామనుకున్నాను. ఫోను జేబులోంచి తీసేలోపలే విసిరేసింది. రాయి బుడుంగున మునిగింది. మునిగిన చోటుకేసి ఆ పిల్ల చూడను కూడా చూడలేదు. ఇంటికొచ్చేసిన మనిషికి దానితో ఇంకేం పని? తల్లి అప్పటికే కూతురి బ్యాగు నెత్తిన పెట్టుకుని ఏరు దాటేసి, అవతలి ఒడ్డున కొండ దారి ఎక్కుతోంది.

అల్లం బుట్ట సంతలోనే ఉండిపోయింది. దాని సంగతి ఆవిడకి మళ్ళీ వారం సంతకి వచ్చేదాకా గుర్తు రాలేదట.